కనుసన్న నెరిగిన యంత్రము

నేను ముప్పదిమూడు సంవత్సరములు పాఠశాలలలో తెలుగు పండితుడుగా పని చేసి విశ్రాంతి గైకొన్నవాడను. అమరకోశమును బాలవ్యాకరణమును గురువుల యెదుట వల్లించినవాడనే కాని యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అట్టివాడు యంత్రములను గూర్చి ప్రసంగింప బూనుట సాహసమని తమకు తోచవచ్చును. నాకును అట్లే తోచినది. కాని మా యింట జరిగిన యొక సంగతివలన ఈ విషయమును తెలిసికొనక నాకు తప్పలేదు. తెలిసికొన్నదానిని తమవంటి పెద్దలకు విన్నవింపక యుండుటయు తప్పే యగునని ఈనాడిచటికి వచ్చితిని.

ఈనాటి విషయము కంటిచూపు. మనుష్యుడును యంత్రమును కలిసి పని చేయునపుడు, మనుష్యుని చూపును యంత్రము చదువగలిగినచో కలుగు మేలెట్టిది, ఆ మేలునకు హద్దెక్కడ అనునదియే నేను చెప్పదలచినది.

ముందుగా మన మందరమును ఎరిగిన పెండ్లిభోజనమును తలచుకొందము. ఆకులు పరచియున్నవి. జనము బారులు తీరి కూర్చుండిరి. వడ్డించువాడు పులిహోర పళ్ళెముతో వరుస వెంట వచ్చుచున్నాడు. నేర్పరియైన వడ్డనదారు ఆకును మాత్రమే చూడడు. తినువాని కన్నులను చూచును. ఎవరి చూపు పళ్ళెము వెంట పోవుచున్నదో వారియొద్ద ఆగును. నోరు తెరచి అడుగుటకు మొగమాటపడు వృద్ధునకు గూడ ఈ విధముగా కావలసినది అందును. అయితే వాడు ఆగి యేమి చేయును? గరిటె నెత్తి పట్టుకొని, "వేయమందురా?" అని ఒక్క క్షణము నిలుచును. తల ఊగినచో వేయును. ఆకుపై చేయి అడ్డము వచ్చినచో సాగిపోవును. చూపు పడినదే తడవుగా కుమ్మరించువాడు వడ్డన నెరుగనివాడు. చూచినవాడు ఆకలిచే చూచెనో, ఆశ్చర్యముచే చూచెనో, ఊరక చూచెనో వానికేమి తెలియును? ఈ వడ్డనదారుని తాము మరువవలదు. ఈ ప్రసంగము ముగియు వరకును అతడు మనతో నుండవలసినవాడు.

మనుష్యుని కన్ను లోకమును చూచుటకే కాక, తాను చూచుచున్న దిక్కును లోకమునకు చూపుటకును తగినట్లున్నది. నల్లగ్రుడ్డునకు ఇరుప్రక్కల తెల్లదనము విశాలముగా నుండుటచేత, నల్లగ్రుడ్డు ఇసుమంత జరిగినను ఎదుటివాడు ఇట్టే పసికట్టును. 1997 లో కొబయాషి, కోషిమా అను జపాను శాస్త్రజ్ఞులు పెక్కు జాతుల వానరముల కన్నులను మన కన్నులతో పోల్చి, ఈ తెల్లదనము మనుష్యునియందు విశేషముగా బయటికి కనబడునని చూపిరి. చింపాంజీలలో కొన్నింటికిని గొరిల్లాలలో కొన్నింటికిని తెల్లదనము కలదని తరువాతివారు గమనించిరి గనుక, ఈ గుణము కేవలము మనకే దక్కినదనుట అతిశయోక్తి. కాని దీనిని వాడుకొనుటలో మనుష్యుడే ముందున్నాడు. 2007 లో మైకేల్ టొమసెల్లో అను పండితుడును ఆయన సహచరులును ఒక పరీక్ష చేసిరి. ఎదుటివాడు తల త్రిప్పుచో మహావానరములు ఆ తల వెంట చూచినవి. ఏడాది దాటిన పసిబిడ్డలు మాత్రము ప్రధానముగా కన్నుల వెంట చూచిరి. మాటలు రాకముందే బిడ్డ తల్లి కనుసన్న నెరుగునని మన యింటి పెద్దమ్మలు చెప్పునది ఇదియే కదా.

ఇక చూపు నడక యెట్టిదో వినుడు. మన చూపు ఏటి నీటివలె ఎడతెగక సాగునని మన మనుకొందుము. నిజమునకు అది పిచ్చుకవలె గంతులు వేయును. చేయి చాచి బొటనవ్రేలి గోటిని చూడుడు. ఏ క్షణమునందైనను మనకు మిక్కిలి స్పష్టముగా కనబడునది సుమారు ఆ గోరంత మేర మాత్రమే. తక్కినది మసక. కావుననే కన్ను సెకనునకు మూడు నాలుగు మారులు చోటు మార్చి, ఇచట కొంత, అచట కొంత ఏరుకొని వచ్చును. 19 వ శతాబ్ది చివరి భాగమున పారిసు నగరమందు ఎమిల్ జావాల్ అను నేత్రవైద్యుని ప్రయోగశాలలో, చదువరి కన్నులు పంక్తి వెంట నిలిచి నిలిచి దుముకుచుండుట గమనింపబడెను. పిమ్మట అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ అను నాతడు కనుగ్రుడ్డుపై పలుచని ప్లాస్టరు చిప్ప నమర్చి, దానికి అల్యూమినియపు ములుకు తగిలించి, ఆ దుముకులను గీతలుగా గీయించెను. ఆ కాలమున విద్యకొరకు కన్నప్ప అంతటివారు గాకున్న ఆ పరీక్షకు ఎవరు కూర్చుందురు?

ఆ గంతులు గ్రుడ్డి గంతులు కావు. వాని వెనుక మనస్సున్నది. దీనిని తేటపరచినవాడు రష్యా దేశస్థుడైన యార్బస్. ఆయన గ్రంథము 1965 లో రష్యను భాషలోను, 1967 లో ఆంగ్లమునను వెలువడినది. ఆయన ఒక మనిషికి రేపిన్ అను చిత్రకారుడు వ్రాసిన పటమును చూపెను. చిరకాలము దూరమైనవాడొకడు అనుకోకుండ ఇల్లు చేరిన ఘట్టము ఆ పటములోనిది. "ఇందలి వారి వయస్సులెంత?" అని యడుగగా చూపు ముఖములపై తిరిగెను. "ఈ కుటుంబము కలవారిదా, లేనివారిదా?" అని యడుగగా బట్టలపైనను ఇంటి సామగ్రిపైనను తిరిగెను. పటమొకటే, మనిషి యొకడే. ప్రశ్న మారగానే చూపు దారి మారెను.

పనిపాటలలో చూపు చేతికంటె ముందు నడచును. ఇంగ్లండులో మైకేల్ ల్యాండ్ అను ఆచార్యుడు టీ కాచువారి తలపై చిన్న కెమేరా నమర్చి, వారి చూపు ఎచ్చట నిలుచునో పరీక్షించి 1999 లో ప్రకటించెను. గిన్నె నందుకొనుటకు సుమారు అరసెకను ముందే చూపు గిన్నెపై నుండెను. ఆ పని ముగియుటకు ముందే చూపు తరువాతి వస్తువును వెదకుచుండెను. మరుసటి యేడు ఆయనయే మరియొకనితో కలిసి క్రికెట్టు ఆటగాండ్రను పరీక్షించెను. బంతి వెలువడిన పిమ్మట బ్యాటు పట్టినవాని చూపు అది నేలను తాకబోవు చోటికి ముందుగా దుమికి, అచట బంతికొరకు వేచియుండునని తేలెను. చేయి కదలుటకు ముందే, నోరు పలుకుటకు ముందే, మనస్సు ఎటు పోవుచున్నదో చూపు చెప్పుచున్నదన్నమాట. మనతో పని చేయు యంత్రమునకు ఈ అరసెకను నిక్షేపమువంటిది.

యంత్రము చూపు నెట్లు చదువును? మనకంటికి కనబడని పరారుణ కాంతి అను వెలుతురును కంటిపై మెల్లగా ప్రసరింపజేయుదురు. కంటి ముందరి తేటయైన పొరపై దాని మెరపు చిన్న చుక్కగా కనబడును. కన్ను కదలినపుడు కనుపాప కదలును గాని, తల కదలనంత వరకు ఆ మెరపు దాదాపు ఉన్నచోటనే యుండును. ఆ రెంటి నడిమి ఎడమును కెమేరా కొలుచును. మొదట ఆ మనిషిని తెరపైని కొన్ని చుక్కలను వరుసగా చూడుమని చెప్పి, ఈ కొలత కీ చోటు అని కంప్యూటరు నేర్చుకొనును. పిమ్మట ఎటు చూచినను లెక్క కట్టును. ఎండ నేరుగా కంటబడినను, కండ్లజోడు మెరసినను లెక్క తప్పుటయు కలదు. పూర్వమింత సులభము కాదు. 1947 లో అమెరికా వైమానికదళముకొరకు పాల్ ఫిట్స్ మొదలగువారు విమానచోదకుల ముఖములను సినిమా కెమేరాతో తీసి, దిగునపుడు వారు ఏ గడియారపుముల్లును ఎన్నిసార్లు చూచుచున్నారో బొమ్మ వెంట బొమ్మ చూచి లెక్కించిరి. యంత్రమును మనుష్యుని చూపునకు తగినట్లు అమర్చవలెనను యోచనకు అది గట్టి పునాది.

ఇక మా యింటి సంగతి మనవి చేసెదను.

మా అన్నగారు వ్యవసాయదారుడు. అరువదియెనిమిదవ యేట ఆయన చేతినుండి చెంబు జారుట మొదలైనది. ఏడాదిలో కాళ్ళు లేవలేదు. మరి కొన్ని నెలలకు మాట పోయినది. కండరములకు ఆజ్ఞ నందించు నరములు క్షీణించు జబ్బని వైద్యులు చెప్పిరి. ఆ జబ్బునందు తెలివి చాలవరకు నిలిచియుండును. కన్నులను త్రిప్పు కండరములు చివరి వరకు పని చేయుట సామాన్యము. అనగా ఇంటి కంబమువంటి ఆ మనిషి మంచముపై కదలక పడియుండి, అన్నియు వినుచు, అన్నియు తెలిసికొనుచు, చూపొక్కటియే త్రిప్పగలిగి యుండెను.

నేను పండితుడను గదా. అట్టమీద అక్షరమాల వ్రాసితిని. అచ్చులొక వరుస, కవర్గమొక వరుస, చవర్గమొక వరుస. నేను వరుసపై పుల్ల పెట్టి చదువుదును. కావలసినచోట ఆయన రెప్ప వేయును. ఒక్క మాట కూడుటకు అరగంట పట్టును. నడుమ ఆయన అలసిపోవును, నేను విసుగుదును. క్రమముగా అట్ట మూలబడెను. చూపును బట్టి ఊహించుటయే మాకు అలవాటయ్యెను. చెంబు వైపు చూచిన నీళ్ళు, తలగడ వైపు చూచిన ప్రక్క మార్చుట.

ప్రతి ఉదయమును ఆయన కిటికీవైపు చూచుచుండెడివాడు. తూర్పు కిటికీ యది. ఎండ ముఖమున పడుచుండెను. వెలుతురు గ్రుచ్చుకొనుచున్నదని యెంచి నేను వెంటనే లేచి రెక్కలు మూయుచుంటిని. ఆయన కన్నులు మూసికొనెడివాడు. హాయి కలిగినదని నేను తృప్తి పడెడివాడను. మూడు వారము లిట్లు గడచెను.

అపుడు నా మేనల్లుడు, పట్టణమున కంప్యూటరు పని చేయువాడు, చూపును చదువు కెమేరా నొకదానిని తెచ్చి మంచము నెదుట తెర నమర్చెను. తెరపై గళ్ళు. నీళ్ళు, నొప్పి, ప్రక్క, పిలుపు, ఫ్యాను అని ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మాట. చూపు నిలిచిన గడిలోని మాటను యంత్రము బిగ్గరగా పలుకును. ఇంటిల్లిపాదియు చుట్టు మూగితిమి. అన్నగారు తెరవైపు చూచిరి. "నీళ్ళు! నొప్పి! ఫ్యాను! పిలుపు! నొప్పి!" అని యంత్రము అరవసాగెను. వదినగారు నీళ్ళకు పరుగెత్తిరి. కుర్రవాడు ఫ్యాను వేసెను. పాపము, ఆయన ఏదియు కోరలేదు. అచట ఏమేమి వ్రాసియున్నదో చదువుకొనుచుండెను, అంతే. యంత్రము నోరు మూయించుటకు ఆయనకు మిగిలిన ఉపాయ మొక్కటియే. కన్నులు గట్టిగా మూసికొనెను. రెప్పల చివర నీరు వచ్చెను.

"చూచి రమ్మన్న కాల్చి వచ్చిన చందమాయెను గదరా" అంటిని.

"తప్పు నాది మామయ్యా. చూచుటకును కోరుటకును నడుమ ఎడము పెట్టలేదు" అని మేనల్లుడు తల వంచుకొనెను.

ఈ చిక్కు మా యింటిది మాత్రమే కాదని పిమ్మట తెలిసినది. 1990 లోనే అమెరికా నౌకాదళ పరిశోధనశాలలోని రాబర్ట్ జేకబ్ అను నాతడు దీనిని విశదముగా వర్ణించి, గ్రీకుల కథలోని మైడాస్ రాజు పేర దీనిని పిలిచెను. ఆ రాజు తాకినదెల్ల బంగారమయ్యెను. తినబోయిన అన్నమును బంగారమే యయ్యెను. చూచినదెల్ల ఆజ్ఞయైనచో చూచుటకే దిక్కులేకపోవునని ఆయన భావము. మనకు భస్మాసురుని చేయి యున్నది, మూడవకన్నును ఉన్నది. ఆ మూడవకన్ను ఎల్లవేళల తెరచియున్నచో శివుడైనను దేనిని చూడగలడు? మనకు చూపనునది ముఖ్యముగా తెలిసికొనుటకు ద్వారము. దానినే పని చేయు చేతిగా మార్చినచో ద్వారము మూతపడును.

దీనికి ఉపాయములు లేకపోలేదు. ఒకటి, చూపు ఒక గడిపై కొంతసేపు కదలక నిలిచినపుడే కోరికగా నెంచుట. సాధారణముగా చదువునపుడు చూపు ఒక్కచోట నిలుచునది పావుసెకను మాత్రమే గనుక, అంతకు చాల మించిన నిలుకడ నిర్ణయింపవలెను. రెండు, ఎంచిన దానిని వేరొక గురుతుచే స్థిరపరచుట. రెప్పపాటో, వ్రేలి కదలికయో, "అవును" అను మరియొక గడియో. మూడు, చూపు విశ్రమించుటకు ఏ మాటయు లేని ఖాళీ చోటు విడుచుట. మేనల్లుడు ఆ రాత్రి కూర్చుండి నిలుకడను ఒకటిన్నర సెకనులకు పెంచెను. తెర నడుమ ఖాళీగడి యుంచెను. గళ్ళలో మాటలకు బదులు హల్లులు నింపి, హల్లు నెంచిన పిమ్మట దాని గుణింతము వచ్చునట్లు చేసెను.

మరునాటి ఉదయము ఎండ కిటికీలోనికి వచ్చినది. అన్నగారు అటు చూచిరి. నేను అలవాటు చొప్పున లేచితిని. ఆయన చూపు చరాలున తెరవైపు తిరిగెను. కకారముపై నిలిచెను, గుడి నెంచెను. 7 అక్షరములు, హల్లొకసారి, గుణింతమొకసారి చొప్పున 14 చూపులు. నడుమ రెండు తప్పులు, వాని దిద్దుబాట్లు. ఆరేడు నిమిషములు పట్టినది. నేను కిటికీ రెక్క పట్టుకొని నిలిచియే యుంటిని. యంత్రము పలికెను:

"కిటికీ మూయకురా."

కొంతసేపు ఆగి, మరి రెండక్షరములు కూర్చెను. "దూడ" అని. కిటికీ ఆవల వేపచెట్టు క్రింద, ఆయన చేతిమీద పెరిగిన ఆవునకు పుట్టిన దూడ కట్టియున్నది. మూడు వారములు ప్రతి ఉదయమును ఆయన ఆ దూడను చూడబోవుటయు, నేను ఉపకారము చేయుచున్నానని తలుపు మూయుటయు జరిగినది. ఆయన కన్నులు మూసికొనినది హాయికి కాదు.

మహాశయులారా, యంత్రము మొదటినాడు చేసిన తప్పునే నేను మూడు వారములు చేసితిని. ఆయన చూపు నేను సరిగనే కనిపెట్టితిని. ఆయన కిటికీనే చూచుచుండెను. దాని అర్థమును మాత్రము అడుగక నిశ్చయించుకొంటిని. చూపు మనస్సెచట నున్నదో చెప్పును. ఆ మనస్సు కోరునదేమో చెప్పదు. కోరికను కోరినవాడే చెప్పవలెను. ఆ మాట చెప్పుటకు వానికి దారి విడుచుటయే సహాయము.

ఇట్టి సహాయము మన దేశమునను సాగుచున్నది. బెంగుళూరిలోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పరిశోధకులు, మాటయు కాలుసేతులును స్వాధీనములో లేని యువకులు చూపుతో మరచేతిని నడుపు ఏర్పాటు చేసి, దానిని 2020 లో ప్రకటించిరి. ఆ మరచేతితో వారు బట్టపై అచ్చులు వేయు పనిని అభ్యసించిరి. ఎన్నడును ఒక వస్తువును తమంతట తాము కదపలేనివారికి, తామెంచిన చోట అచ్చు పడుట ఎంతటి సంగతియో తామే యూహింపుడు.

ఆరోగ్యవంతులతో కలిసి పని చేయు రోబోలు, అనగా మరమనుష్యులు, ఉన్నవి గదా. వానికిని ఈ విద్యను నేర్పుచున్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 2015 లో ప్రకటించిన పరిశోధన అచ్చముగా మన వడ్డనదారుని కథ. ఒకడు రొట్టెలో పెట్టవలసిన పదార్థములను కోరువాడు. మరియొకడు వానిని పెట్టి యిచ్చువాడు. కోరువాని చూపులను మాత్రము లెక్కకు తీసికొని, ఏ పదార్థమును కోరబోవుచున్నాడో కంప్యూటరుచే చెప్పించిరి. నూటికి 76 సార్లు అది సరిగా చెప్పెను. అదియు నోటిమాటకు సుమారు 1.8 సెకనులు ముందుగా. మరుసటి యేడు అక్కడివారే, పండ్లరసములు కలుపు పనిలో ఒక మరచేతికి ఈ జ్ఞానము నిచ్చి, మాట వచ్చువరకు ఊరక వేచియుండు దానికంటె ఇది త్వరగా పని ముగించునని చూపిరి.

ఇచట నూటికి 76 అను లెక్కను పరికింపుడు. బడిలో అది మొదటి తరగతి మార్కు. కాని తక్కిన 24 సార్లు యంత్రము పొరబడినదన్నమాట. కావున దాని తెలివి యంతయు గరిటె నెత్తి పట్టుకొనుటకు చాలును, వడ్డించుటకు చాలదు. ముందుగా సిద్ధమై యుండుట, అటువైపు ఒక అడుగు వేసి యుండుట, తప్పైనచో నష్టము లేకుండ మరలిపోగల పనులు చేయుట, ఇంతవరకు చూపును నమ్మవచ్చును. తిరిగి దిద్దుకొనరాని పనికి మాట కావలెను.

ఇది ఒకవైపు బండి కాదు. యంత్రము చూపును మనమును చదువగలిగి యుండవలెను. 2014 లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయమువారు ఒక రోబోచేత మనుష్యులకు నీళ్ళసీసాల నందింపించిరి. సీసాను అందింపబోవు చోటివైపు రోబో తల త్రిప్పి చూచినపుడు, మనుష్యులు మరింత ముందుగా చేయి చాచి అందుకొనిరి. ఇటుకలు అందించు కూలీలు ఒకరి కన్ను లొకరు చూచుకొనుచునే యిటుక విడుతురు గదా. చూపు లేని చేయి ఇచ్చునో లాగుకొనునో తెలియక మనిషి వెనుదీయును. తాను చేయబోవుదానిని ముందుగా తెలుపు యంత్రమునే మనము నమ్మగలము.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. చోదకుని చూపు దారి తప్పినపుడు హెచ్చరించు ఏర్పాటు క్రొత్త నమూనా మోటారు బండ్లకు తప్పనిసరియని ఐరోపా సమాఖ్య 2024 జూలైనుండి విధించెను. పరధ్యానము వలన పోవు ప్రాణములను తలచినచో అది మంచి పనియే. కాని చూపును కాపలా కాచు యంత్రము పాఠశాలకును పనిశాలకును వచ్చి, ఎవడు పాఠము వినుచున్నాడు, ఎవడు బద్ధకించుచున్నాడు అని తీర్పు చెప్పసాగినచో? నా ఉద్యోగకాలమున ఒక కుర్రవాడు ఎల్లప్పుడు గోడవైపు చూచుచుండుట కని పలుమారులు నిలువబెట్టితిని. ఒకనాడు కోపముతో ప్రశ్న వేయగా, ఆ పాఠమంతయు అక్షరము పొల్లుపోక అప్పగించెను. ముఖము చూచినచో విన్నది మరచిపోవుదునని, వినుటకే గోడను చూచుచున్నానని చెప్పెను. ఆనాడు బెత్తము నా చేతిలో నుండినను సిగ్గు నాకే కలిగినది. పిల్లవాడు నోరు తెరచి చెప్పుటకు నేనుంటిని. యంత్రము లెక్కలు కట్టి వ్రాసిన తీర్పునకు వాడెవరికి చెప్పుకొనును?

కావున మన పల్లెలకు రేపో మాపో ఇట్టి యంత్రములు వచ్చినపుడు, పెద్దలైన తాము మూడు ప్రశ్నలు వేయవలెనని నా విన్నపము. ఇది చూపును చూచిన వెంటనే పని చేయునా, అడిగి చేయునా? చూచువానికి కన్ను విశ్రమించు చోటు విడిచినదా? ఇది చదివిన చూపు ఎవరి మేలుకొరకు, చూచినవాని మేలునకా, వానిని కాచువాని మేలునకా? ఈ మూడింటికిని తగిన సమాధానము వచ్చినచో ఆ యంత్రమును ఇంటిలోనికి రానిండు. పాడియావును కొనునపుడు మనము ఇంతకన్న ఎక్కువయే యడుగుదుము.

అన్నగారు ఆ పిమ్మట పదునాలుగు నెలలు జీవించిరి. పొలమును గూర్చి, పంపకములను గూర్చి, మనుమరాలి పెండ్లిని గూర్చి, తన చూపుతోనే తాను చెప్పవలసినదంతయు చెప్పి పోయిరి. ఆ గదిలోని తూర్పుకిటికీ ఈనాటికిని ఉదయము తెరచియే యుండును. మా యింట ఎవరైనను దేనివైపైనను ఆలోచనతో చూచుచున్నపుడు, నేను లేచి పని చేయబోవుటకు ముందు ఒక మాట అడుగుట నేర్చుకొంటిని. ఆ పాఠమును నాకు నేర్పినది సగము మా అన్నగారు, సగము ఆ యంత్రము.